రెక్కలు ఆరితేనే కరకర

"రెక్కలు మాత్రమే ఇవ్వు బాబూ, ఒక కేజీ. తోలు తియ్యకు" అన్నాను. చికెన్ కొట్టు అబ్బాయి కత్తి దుంగ మీద పెట్టేసి నా వంక చూశాడు. "స్కిన్‌తోనా మేడం? మీరెప్పుడూ స్కిన్‌లెస్సే కదా!"

నిజమే. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో చికెనంటే స్కిన్‌లెస్సే. అతనికీ అదే సుఖం. కోడికి చొక్కా విప్పినట్టు ఈకలతో సహా తోలు లాగేస్తే పనైపోతుంది. తోలుతో కావాలంటే వేడినీళ్ళలో ముంచాలి, కొట్టు వెనకాల రబ్బరు వేళ్ళున్న డ్రమ్ములో వేసి తిప్పాలి, మిగిలిన ఈకలు చేత్తో పీకాలి. పైగా ఉత్త రెక్కలు కేజీ అంటే అప్పటికప్పుడు దొరకవట. "అవన్నీ భానుగుడి సైడు ఫాస్ట్‌ఫుడ్ వాళ్ళు లాలీపాప్‌కి పట్టుకుపోతారండీ. మీకు కావాలంటే ముందురోజు చెప్పండి." లాలీపాప్ అంటే రెక్కలో మొదటి ముక్కే, కండంతా ఎముక చివరికి తోసి ఉండలా చేస్తారు. కాకినాడలో ఇన్ని లాలీపాప్‌లు తిని కూడా అది రెక్క అన్న సంగతి నాకు అతను చెప్పేదాకా తట్టలేదు.

ఈ గోలంతా మా చెల్లి వల్ల. దసరా ఆఫర్లో నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ కొన్నాం. మా ఆయనకి కొలెస్ట్రాల్ ఉంది, డాక్టరు వేపుళ్ళు తగ్గించమన్నారు, అదీ సాకు. మూడు నెలలు దాంట్లో అప్పడాలూ బంగాళాదుంప ముక్కలూ తప్ప ఏం చెయ్యలేదు. డాలస్ నుంచి చెల్లి వీడియో కాల్‌లో చూసి, "అక్కా, అంత మిషను పెట్టుకుని అప్పడాలు కాల్చుకుంటున్నావా? వింగ్స్ చెయ్యి" అంది. అక్కడ వాళ్ళకి రెక్కలంటే పెద్ద సంబరం. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అనే ఊళ్ళో, యాంకర్ బార్ అనే చోట, 1964లో ఆ హోటలావిడ రెక్కలు నూనెలో వేయించి కారం సాసులో, వెన్నలో దొర్లించి పెట్టిందట. అంతవరకూ సూపుకి పోయే రెక్కకి ఆ తర్వాత ఎక్కడలేని గిరాకీ. బఫెలో వింగ్స్ అంటే గేదెతో సంబంధం లేదని మా అబ్బాయికి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

మొదటిసారి నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. స్కిన్‌లెస్ రెక్కలు, పెరుగు, అల్లంవెల్లుల్లి, రెండు చెంచాల కారం, గరం మసాలా. రాత్రంతా కాదుగానీ మూడు గంటలు నానబెట్టి బుట్టలో పరిచాను. ఇరవై నిమిషాలకి తీసి చూస్తే పైన కారం మాడి నల్లబడింది, కింద పెరుగు నీళ్ళు మడుగు కట్టాయి. మధ్యలో ముక్క అటు వేపుడూ కాక ఇటు కూరా కాక దిగాలుగా పడి ఉంది.

రెండోసారి తెలివి వచ్చిందనుకుని కార్న్‌ఫ్లోర్ అద్దాను. పిండికి నూనె తగలకపోతే వేగదు కదా, ముక్కలు పౌడరు రాసుకున్నట్టు తెల్లగానే మిగిలాయి. దానికి తోడు వాసన బాగుంటుందని పైన రెండు రెబ్బల కరివేపాకు వేశాను. లోపల ఫ్యాను తిరుగుతుందన్న ఆలోచనే లేదు. ఆకులు ఎగిరి పైనున్న హీటింగ్ కాయిల్‌కి అతుక్కున్నాయి. ఇల్లంతా కమురు కంపు. మిషను చల్లారాక తలకిందులు చేసి, టూత్ బ్రష్షుతో ఒక్కో ఆకు గీకి తీశాను. ఇప్పటికీ ఒక ముక్క అక్కడే ఉంది, టార్చి వేస్తే కనపడుతుంది.

అప్పుడు చెల్లిని గట్టిగా అడిగితే అసలు కిటుకులు చెప్పింది. తోలుండాలి. పిండి వద్దు, పెరుగు వద్దు. బేకింగ్ పౌడర్ రాయాలి. కిరాణా కొట్లో బేకింగ్ పౌడర్ అడిగితే ఆయన పొట్లం కట్టి ఇచ్చింది తినే సోడా. రెండూ ఒకటేగా అనుకున్నాను. ఒకటి కాదు. సోడాతో చేసినవి రంగు అద్భుతంగా వచ్చాయి, నోట్లో పెడితే బట్టల సబ్బు. మా ఆయన పాపం రెండు తిన్నారు. బేకింగ్ పౌడర్లో సోడాతో పాటు దాన్ని విరిచే పొడి పులుపు కూడా ఉంటుంది కాబట్టి ఆ ఘాటు మిగలదు. తోలుకి కాస్త క్షారం తగిలితే త్వరగా ఎర్రబడుతుంది. తడికి పొంగి చిన్న చిన్న బుడగలు లేస్తాయి, ఆ బుడగలే తర్వాత కరకరలాడేది.

నాలుగోసారి అన్నీ సరిగ్గానే వేసినా తోలు రబ్బరులా సాగింది. నేను నీరసంగా కూర్చుంటే మా అత్తయ్యగారు ఒక ముక్క వేలితో నొక్కి చూసి, "కడిగిన చెమ్మ ఆరకుండా పడేశావు కదమ్మాయ్. పచ్చి వడియం వేయిస్తే పొంగుతుందా?" అన్నారు. చెల్లి ఇంగ్లీషులో చెప్పిన దానికీ ఈవిడ వడియానికీ తేడా లేదు. ఎయిర్ ఫ్రయర్‌లో వేయించడం ఏమీ లేదు, పేరే అలా పెట్టారు. ఫిలిప్స్ వాళ్ళు 2010లో మార్కెట్లోకి తెచ్చిన ఈ పెట్టె నిజానికి ఒక బుల్లి ఓవెన్, పైన కాయిలు, దాని మీద జోరుగా తిరిగే ఫ్యాను, అంతే. తోలు మీద నీళ్ళున్నంతసేపూ అక్కడ వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడాలంటే 140 పైచిలుకు కావాలి. తడి ముక్క పెడితే మిషను సగం సేపు నీళ్ళార్చడానికే సరిపోతుంది, ఈలోపు లోపలి కండ ఎండిపోతుంది.

సరే, ఆరబెట్టాలి. ఎంతసేపు? రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా అంది చెల్లి. ఇక్కడొచ్చింది చిక్కు. మేం తినేది ఆదివారం. ముందురోజు రాత్రంటే శనివారం. శనివారం మా ఇంట్లో కోడిగుడ్డు కూడా పగలదు. అందులోనూ మూత లేని పచ్చి మాంసం, అదే ఫ్రిజ్‌లో పాలగిన్నె, పైన అరలో పూజ పూలు! అత్తయ్యగారి ముందు నోరెత్తలేదు. నాకై నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను: ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కొనడం, ఏడుకల్లా ఫ్రిజ్ అడుగు అరలో పెట్టడం, సాయంత్రం ఐదుకి తీయడం. పూలూ పాలూ ఆ పూటకి పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లో. పది గంటలు చాలు. ఫ్యాను కింద ఆరబెట్టొచ్చు కదా అని మా ఆయన అన్నారు గానీ, కాకినాడ సముద్రపు గాలికి దండెం మీద తువ్వాలే ఆరదు, ఆ వేడికి పచ్చి మాంసం బయట పెట్టకూడదు కూడా.

ఇప్పుడు స్థిరపడిన లెక్క ఇది. కేజీకి మాకు పన్నెండు రెక్కలు తూగుతాయి. కీళ్ళ దగ్గర మూడు ముక్కలు చేయించాలి, ఎముక మీద కాదు, వేలితో తడిమితే సందు తెలుస్తుంది. కడిగాక పాత నూలు బట్టతో ఒక్కో ముక్కా తుడవాలి, ఇందులో బద్ధకించకూడదు. రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, ఒక చెంచా ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు పసుపు. బేకింగ్ పౌడర్లోనూ కొంత ఉప్పదనం ఉంటుంది, చెయ్యి వెనక్కి పట్టండి. కారం ఇప్పుడు వద్దు, మాడుతుంది. స్టీలు ప్లేటు మీద జల్లెడ బోర్లించి దాని మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరుస్తాను. సాయంత్రానికి తోలు కాగితంలా బిగుసుకుని, లోపల కండ రంగు బయటికి కనపడుతుంది. అలా కనపడితే గెలిచినట్టే.

బుట్టలో ఒక వరసే, పది పన్నెండు ముక్కలు. కింద ట్రేలో రెండు చెంచాల నీళ్ళు పోస్తాను, లేకపోతే కారిన కొవ్వు కాలి తెల్లటి పొగ వస్తుంది. 180లో ఇరవై నిమిషాలు, తిరగేసి 200లో పది. మొదటి వాయి తీసి జల్లెడ మీదే ఉంచి, రెండోది అయ్యాక రెండూ కలిపి మళ్ళీ మూడు నిమిషాలు. నూనె చుక్క వెయ్యను. ఆఖర్న ట్రేలో చూస్తే నీళ్ళ మీద పసుపుపచ్చగా గరిటెడు కొవ్వు తేలుతూ ఉంటుంది. డాక్టరుగారికి ఈ ఫొటో చూపించలేదు.

ఇక సాసు. చెల్లి చెప్పిన సాసు సీసా ఇక్కడ లేదు, ఉన్నా కొనేదాన్ని కాదు. చెంచా నెయ్యి కాచి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, స్టవ్ కట్టేసి, రెండు చెంచాల కరివేపాకు కారప్పొడి. పెద్ద గిన్నెలో ముక్కలు వేసి, ఇది పోసి, రెండుసార్లు ఎగరేసి వెంటనే పెట్టెయ్యాలి. ఒకసారి మా ఆయన ఫోను మాట్లాడి వచ్చేదాకా చల్లారకూడదని ప్రేమగా హాట్ బాక్సులో పెట్టి మూత బిగించాను. పావుగంటకి ఆ ఆవిరికి పది గంటల ఆరబోత గంగలో కలిసింది. ఎవరూ రాకపోతే వాళ్ళ వాటా మనం తినడమే మంచిది.

రెక్క కొసలు మొదట్లో సూపుకని తీసి పెట్టేదాన్ని. ఒక వారం రెండో వాయిలో చోటుందని అవీ పడేశాను. అత్తయ్యగారు సీరియల్ చూస్తూ ఒకటి కొరికారు. అప్పడం విరిగినట్టు చప్పుడు హాల్లోంచి వంటింట్లోకి వినపడింది. కాసేపాగి ఇంకోటి. నేను వెళ్ళేసరికి ప్లేట్లో పన్నెండు కొసల్లో మూడు మిగిలాయి.

నిన్న సాయంత్రం గుడి నుంచి వచ్చి, నా చేతిలో ప్రసాదం పెట్టి, గొంతు తగ్గించి అడిగారు: "శనివారం ఆ మాట ఎత్తకూడదుగానీ అమ్మాయ్, ఆ కొట్టు అబ్బాయికి ఫోన్ చేశావా?"