టికాల్‌లో చెరువు కోసం వెతికాను

గ్వాటెమాల అడవిలో ఉన్న పాత మాయా నగరం టికాల్‌కి బయల్దేరాను. పొరుగు దేశం బెలీజ్ నుంచి బయటికి వెళ్లడానికే 40 బెలీజ్ డాలర్లు కట్టమన్నారు. అంటే 20 అమెరికన్ డాలర్లు. దేశంలోకి రావడానికి వసూలు చేస్తే అర్థముంది, వెళ్లిపోయేవాడి దగ్గర కూడానా! చిరాగ్గానే కట్టి, గ్వాటెమాల స్టాంపు వేయించుకుని, మోపాన్ నది వంతెన దాటి సరిహద్దు ఊరు మెల్చోర్‌లో ఫ్లోరెస్ పట్నం వెళ్లే మైక్రోబస్ ఎక్కాను. టూరిస్టు షటిల్ ధర చూశాక అందులో వెళ్లబుద్ధి కాలేదు.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. నా పక్కన ఒక పెద్దావిడ, ఒడిలో గుడ్డ కప్పిన బుట్ట. కండక్టర్ నా దగ్గర ఆవిడ టికెట్‌కి రెట్టింపు తీసుకున్నాడు. నాకు స్పానిష్ అంతంతమాత్రం, ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. వేలు చూపించి గట్టిగా దులిపేసింది. బస్సంతా అటే చూస్తుంటే అతను చిల్లర తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఆవిడ బుట్టలోంచి వేడి టోర్టియా తీసి, నల్ల చిక్కుడు ముద్ద రాసి ఇచ్చింది. డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసింది. ఇష్లు జంక్షన్‌లో నేను దిగాల్సిన చోటు చెప్పింది కూడా ఆవిడే.

టికాల్‌లో విదేశీయులకు టికెట్ 150 క్వెత్సాల్‌లు (గ్వాటెమాల డబ్బు). ఇది కట్టడానికి నాకేం బాధనిపించలేదు. 47 మీటర్ల ఒకటో గుడి, ఇంచుమించు 65 మీటర్ల నాలుగో గుడి, దాని పైనుంచి కనిపించే అడవి, అందరూ తీసే ఆ ఫోటోలన్నీ నేనూ తీసుకున్నాను.

మాది వరంగల్ వైపు. గుడి కనపడితే చెరువెక్కడా అని కళ్లు వెతుకుతాయి. టికాల్ పక్కన నది లేదు, నేలంతా సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. మరి అంత నగరం ఏం తాగి బతికింది? గైడ్‌ని అడిగితే మధ్య అక్రోపోలిస్ అనే రాజభవనాల సముదాయం వెనక్కి తీసుకెళ్లి, చెట్లు కమ్మేసిన లోతైన పల్లాన్ని చూపించాడు. రాజమందిరం చెరువు అదేనట. పైనున్న ముంగిళ్లన్నీ గచ్చు చేసి, వాలు ఇటే పెట్టారు. ఒక్క వాన పడితే ఆ ముంగిళ్లన్నీ చెరువుకు పరీవాహక ప్రాంతమే. మా కాకతీయుల గొలుసు చెరువులు తలపుకొచ్చి అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. గోడలకు పూసిన ఎర్ర రంగు ఇంగిలీకం, అంటే పాదరసం ఉండే ఖనిజం. దానిలోని పాదరసం వాన నీళ్లతో ఈ చెరువులోకే చేరిందని, విషపు నాచు కూడా పట్టిందని 2020లో పరిశోధకులు తేల్చారు. ఇక్కడిదే ఇంకో చెరువు, కొరియెంటల్‌లో మాత్రం జియోలైట్ అనే ఖనిజం, స్ఫటికపు ఇసుకతో నీళ్లు వడగట్టారట. కరువులూ తోడయ్యాయి. ఇక్కడి శిలాఫలకాల మీద ఆఖరి తేదీ క్రీ.శ. 869, ఆ తర్వాత నగరం పాడుపడింది.

మాయా వాళ్లు మాయమైపోయారని మాత్రం ఎవరూ అనకండి. మా గైడ్ వాళ్లమ్మ ఇప్పటికీ ఇంట్లో కెక్చి అనే మాయా భాష మాట్లాడుతుంది. టికాల్ వెళ్తే గుడులు ఎక్కాక ఆ పల్లం కూడా చూపించమని అడగండి. మా గుంపులో దాన్ని చూడ్డానికి వచ్చింది నేనొక్కడినే.