విశాఖలో ఆగమన కాలపు చివరి సాయంత్రాలు

డిసెంబరు 20 సాయంత్రం. విశాఖ స్టేషన్‌లో జ్ఞానాపురం వైపు గేటు నుంచి బయటికి వచ్చేసరికి పండగ అప్పుడే వచ్చేసినట్టుంది. ఇళ్ళ మీద స్టార్లు వెలుగుతున్నాయి, యేసు పుట్టుకను చూపించే బొమ్మల పశువుల పాకలకు గడ్డి కప్పుతున్నారు, ఎక్కడో సౌండ్ బాక్సుల్లో క్రిస్మస్ పాటలు. నేను గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చింది మాత్రం పండగకు ముందుండే ఎదురుచూపు కోసం, అంటే ఆగమన కాలం కోసం. మా పిన్ని ఇక్కడ ఒక మఠంలో సిస్టరు. "17 నుంచి 23 లోపు ఎప్పుడైనా రా నాన్నా, ఒక్క సాయంత్రం విని వెళ్ళు" అని ఎన్నాళ్ళుగానో పిలుస్తోంది.

ఆ ఏడు సాయంత్రాల గురించి మన విచారణల్లో (ఒక్కో గుడి పరిధిలోని సంఘాల్లో) చాలామందికి తెలియదు. సాయంకాల ప్రార్థనలో "నా ఆత్మ ప్రభువును ఘనపరచుచున్నది" అనే మరియమ్మ గీతానికి ముందూ తర్వాతా ఒక చిన్న వచనం పాడతారు. ఏడాది పొడవునా ఉండేదే. ఈ ఏడు రోజులు మాత్రం అది పిలుపుగా మారుతుంది. ఓ జ్ఞానమా, ఓ అదోనాయీ (ప్రభువా), ఓ యెష్షయి (దావీదు తండ్రి) వేరా, ఓ దావీదు తాళపు చెవీ, ఓ ఉదయ కాంతీ, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానుయేలూ. రోజుకొక పేరు, ఎక్కువగా యెషయా ప్రవచనాల్లోంచి తీసుకున్నవే. ఏ పేరుతో పిలిచినా చివరికి అడిగేది ఒక్కటే: రమ్ము. 9వ శతాబ్దంలోనే మెట్జ్ నగరపు అమలారియుస్ అనే మత పండితుడు వీటి గురించి రాశారు. లాటిన్ పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కి కలిపితే "రేపు ఉంటాను" అనే మాట వస్తుందని కూడా పెద్దలు చూపిస్తారు.

మఠం గుడి చిన్నది. బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ, మూసి ఉన్న హార్మోనియం. ఎనభై దాటిన ఒక పెద్ద సిస్టరు గొంతెత్తారు. 1962లో వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పుల పెద్ద సమావేశం) మొదలయ్యే నాటికి గుళ్ళలో పూజ లాటిన్‌లోనే జరిగేది. ఆవిడ అప్పుడు నేర్చుకున్నదే ఇది. చేతిలో పాత పుస్తకం, నాలుగు గీతల మీద చతురస్రాల్లాంటి స్వరాలు. ఆవిడకి పుస్తకం వైపు చూడాల్సిన పని లేదు. ఆ రోజు వంతు తాళపు చెవిది: నీవు తెరిస్తే మూసేవాడు లేడు, మూస్తే తెరిచేవాడు లేడు, వచ్చి చెరలో ఉన్నవాణ్ణి విడిపించు. వింటూ నేను వేళ్ళతో తాళం వెయ్యబోతే ప్రార్థనయ్యాక ఆవిడ దగ్గరికి పిలిచారు. "దీనికి తాళం లేదు బాబూ. మాట నడిచినంతసేపే రాగం నడుస్తుంది."

మర్నాడు కొండగుడికి, అదే రాస్ హిల్‌కి, ఎక్కాను. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా హార్బరు కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. 1864లో రాస్ అనే ఆయన ఇక్కడ కట్టుకున్న ఇల్లే తర్వాత గుడి అయిందని చెబుతారు. అంతకుముందే, 1846లో, సవోయ్ ప్రాంతం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు ఈ ఊరికి వచ్చారు. ఫాదర్లు రోజూ చెప్పుకోవాల్సిన ప్రార్థనల్లో ఈ ఏడు పిలుపులూ ఉంటాయి. అంటే దాదాపు 180 ఏళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ విశాఖలో ఎవరో ఒకరు వీటిని పలుకుతూనే ఉన్నారు. నేను ఏదో కొత్త వింత కోసం వచ్చాననుకున్నాను కానీ ఈ ఊరికిది పాతదే. ఆ గుళ్ళో చాలాసేపు కూర్చుండిపోయాను.

డిసెంబరులో విశాఖలో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. 21 అయితే ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రుల్లో ఒకటి. ఆ రోజు పిలుపు ఉదయ కాంతికి: "నిత్యజ్యోతి ప్రకాశమా, నీతి సూర్యుడా, రమ్ము. చీకటిలో, మరణఛాయలో కూర్చున్నవారికి వెలుగునిమ్ము." రాగం నిన్నటిదే. ఏడింటికీ దాదాపు ఒకే రాగం, రెండో మోడ్‌లో (పాత చర్చి సంగీతపు స్వరక్రమాల్లో రెండోది). రెండో రోజుకే దారి తెలిసిపోయింది కాబట్టి మనసు రాగం వెంట పోలేదు, ఆ రోజు పేరు మీదే నిలిచింది. ఈ పోయిన సంవత్సరం మా ఇంట్లో జరిగినవన్నీ గుర్తొచ్చాయి. "కూర్చున్నవారికి" అన్న మాట దగ్గర నా గొంతు పట్టేసింది.

క్యారల్స్ అంటే నాకు ప్రాణం. కానీ మా ఊళ్ళో డిసెంబరు మొదటివారం నుంచే అవన్నీ పాడేస్తున్నాం. 24 రాత్రికి క్వయిర్ పిల్లల గొంతులు బొంగురుపోతాయి, పాటలేమో పాతబడిపోతాయి. ఎదురుచూసే వారానికి దాని పాట దానికి ఉండాలని నా కోరిక.

బయల్దేరేముందు పిన్ని ఏడింటినీ తెలుగు లిపిలో రాసిన కాగితాలు ఇచ్చింది. "మొదటి ఏడాది తెలుగులోనే, ఒకే స్వరం మీద చదివించు. రాగం తర్వాత నేర్పుదువుగానీ" అన్నారు పెద్ద సిస్టరు. ఈ ఏడు రోజుల పూజల్లో సువిశేష పఠనానికి ముందు అల్లెలూయాతో వచ్చే వచనాలు కూడా ఈ పిలుపులేనని గుర్తుచేశారు. అంటే కొత్తగా చేర్చాల్సిందేమీ లేదు, హడావిడిగా చదివేసేదాన్ని నిదానంగా పాడితే చాలు. రైల్లోంచే మా క్వయిర్ వాళ్ళకు ఫోన్ చేసి, 23న ఇమ్మానుయేలు వచనంతో మొదలుపెడదామని చెప్పాను.