అన్నపూర్ణ బ్యాగు: ఈ వారం 8.2 కిలోలు

నేపాల్‌లో అన్నపూర్ణ కొండల ట్రెక్‌కి సర్దుతున్న బ్యాగు ఇది, నీళ్ల బరువు కలపకుండా 8.2 కిలోలు. పోయిన వారం 11 ఉండేది. ప్రయాణం సామాన్లను రెండు సంచులుగా విడదీయడంతోనే చాలా బరువు తగ్గింది.

ముందు పొఖరా దగ్గరి ఊరి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పాలి, ఆ తర్వాత అన్నపూర్ణ బేస్ క్యాంప్ ట్రెక్. నేపాల్ పెద్ద పండుగలు దశైన్, తిహార్ సెలవులు అయిపోవాలి కాబట్టి నవంబరు చివర్లో వెళ్తున్నాను. బడికి వేసుకునే కాటన్ కుర్తాలు, చెప్పులు, పాఠాల నోట్సు వేరే సంచిలో పెట్టాను. కొండెక్కే రోజుల్లో అది పొఖరా గెస్ట్‌హౌస్‌లోనే ఉంటుంది. నోట్‌బుక్కులు, పెన్సిళ్లు ఇంటి నుంచి మోసుకెళ్లడం లేదు. ఏం కావాలో టీచర్లను అడిగి అక్కడి బజార్లోనే కొంటే అక్కడి దుకాణాలకూ నాలుగు రూపాయలు వెళ్తాయి.

ఎక్కువ సేపు ఆలోచించింది చలి గురించే. 4,130 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంప్‌లో నవంబరు రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. పగలు దారిలోని ఛోమ్‌రోంగ్ ఊరి మెట్ల మీద మాత్రం చెమటలు కారతాయి. అందుకే ఒక్క లావు కోటు బదులు పొరలు పొరలుగా సర్దాను: మెరినో ఉన్ని బనియన్, ఫ్లీస్, ఆగినప్పుడు వేసుకోవడానికి మెత్తటి ఈకలు నింపిన డౌన్ జాకెట్, వానను, గాలిని ఆపే పై జాకెట్ (షెల్). కాటన్ తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. ట్రెక్ సంచిలో ఒక్క కాటన్ బట్ట కూడా లేదు. మేజోళ్లు మూడు జతలు, అందులో ఒకటి నిద్రకే. స్లీపింగ్ బ్యాగ్ పొఖరా లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతుంది. దానికి ఇంకో కిలోన్నర వేసుకోవాలి. లోపల వేసుకునే సిల్క్ లైనర్ మాత్రం సొంతది ఉండాల్సిందే, ఈ విషయంలో నేను రాజీపడను.

మందుల్లో ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా డాక్టర్ రాసిచ్చిన అసెటజోలమైడ్ ఉంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మందు ఉంది కదా అని గబగబా ఎక్కేయకూడదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకపోవడం మంచిది. దారిలోని దేవ్‌రాలి (3,230 మీటర్లు) నుంచి నేరుగా బేస్ క్యాంప్‌కి పోతే ఒక్కరోజే 900 మీటర్లు అవుతుంది. అందుకని మధ్యలో మచ్ఛాపుఛ్రే బేస్ క్యాంప్‌లో (3,700) ఒక రాత్రి ఆగుతాను.

పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్. విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి రాత్రి ఫోను, పవర్ బ్యాంక్ నాతోపాటే స్లీపింగ్ బ్యాగ్‌లో. టీహౌస్‌లలో (దారిలో తిండి, పడక దొరికే బసలు) చార్జింగ్‌కి విడిగా డబ్బులు తీసుకుంటారు, నగదు దగ్గరుండాలి. నీళ్లకు లీటరు సీసాలు రెండు, క్లోరిన్ మాత్రలు. మాత్ర వేశాక కనీసం అరగంట ఆగాలి, నీళ్లు బాగా చల్లగా ఉంటే ఇంకాసేపు.

ఇక మిగిలింది బూట్లు. రోజూ వాటితోనే మెట్లు ఎక్కి దిగుతున్నాను. మడమ కదలకుండా లేసు బిగిస్తే దిగేటప్పుడు బొటనవేలు ముందుకి గుద్దుకోవడం లేదు. వచ్చే వారం స్లీపింగ్ బ్యాగ్ బరువుకు సరిపడా నీళ్ల సీసాలు వేసుకుని నడిచి, నడుము బెల్టు సరిచేసుకోవాలి.