బెల్లం కొలతలు

ఆగస్టు 19, 2025, మంగళవారం

పొద్దున్నే కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే అమ్మ కుట్టుమిషను సొరుగు లాగి టేపు తీసి మెడలో వేసుకుంది. "ఏదీ, దాన్ని ఇటు పిలు" అంది. ముప్పై ఏళ్లుగా కాలనీలో సగం మందికి బ్లౌజులు కుట్టిన మనిషి. కుక్కకి కొలతలు తీయడం మాత్రం ఇదే మొదలు.

బెల్లం వచ్చింది. వచ్చి, తనతో ఆడుకోవడానికే పిలిచారనుకుని టేపు కొస నోట కరుచుకుంది.

గతవారం నేను తీసిన కొలతల మీద అమ్మకి నమ్మకం లేదు. అసలు లేకపోవడమే మంచిదైంది. బెల్లాన్ని తీసుకుని నేను బెర్లిన్‌లో మా ఆయన దగ్గరికి వెళ్లాలి. విమానంలో కుక్క వెళ్లే బోనుకి లెక్క ఉంది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఎంతో, దానికి నేల నుంచి ముందుకాలి మోచెయ్యి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల దగ్గర వెడల్పుకి రెట్టింపు, బోను వెడల్పు. నిలబడితే చెవుల కొసకి పైకప్పు తగలకూడదు. లోపల లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఇవేవీ కుదరకపోతే ఎయిర్‌పోర్టులో కార్గో వాళ్లు అక్కడే ఆపేస్తారు.

నేను కొలిచినప్పుడు బెల్లం కూర్చుని ఉంది. అమ్మ దాన్ని గోడ వారగా నిలబెట్టి, నాన్న చేతికి బిస్కెట్ ఇచ్చి ముందు కూర్చోబెట్టి, టేపు ముక్కు దగ్గర ఒక వేలితో అదిమి, వెన్ను మీదుగా తోక దాకా లాగింది. 75 సెంటీమీటర్లు. మోచెయ్యి ఎత్తు 36. అంటే 93 కావాలి. హాల్లో మూలన పెట్టిన బోను పొడవు 91.

"కుట్లలోకి వదలకుండా కొలిచావటే?" అంది అమ్మ. పదో తరగతిలో నేను పాడుచేసిన లంగా ఓణీ గుడ్డ కూడా ఆ చూపులో ఉంది.

బోను వాపసు తీసుకోరట. కొన్న రోజు నుంచీ బెల్లం అందులోనే పెరుగన్నం తింటోంది. పై సగం విప్పేసి, కింది సగం మాత్రం నేల మీద పెట్టి, గిన్నె రోజూ కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ వచ్చాం. నాలుగో రోజుకి నాలుగు కాళ్లూ లోపల పెట్టింది. ఇప్పుడు కొత్తది, పెద్దది, వస్తే మళ్లీ మొదటి నుంచీ. తలుపు వేయడం అలవాటు చేసేది ఇంకా తర్వాత సంగతి. కింది ఫ్లాట్ ఆంటీ "నిద్రమాత్ర వేసేయండమ్మా, హాయిగా పడుకుంటుంది" అంటారు కనిపించినప్పుడల్లా. విమానంలో అదే ప్రమాదం, మత్తులో ఉన్న జంతువుకి ఊపిరీ బీపీ దెబ్బతినొచ్చు, అసలు ఎక్కించుకోరు అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నవ్వి ఊరుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. మెయిల్. రక్తపరీక్ష రిజల్ట్.

ఈ పరీక్ష వెనక నాలుగు నెలల కథ ఉంది. యూరప్ లెక్కలో మన దేశం రేబిస్ ముప్పు ఉన్న జాబితాలోది. అందుకని టీకా వేశాం అని పుస్తకం చూపిస్తే చాలదు. టీకా వేసిన ముప్పై రోజులకి రక్తం తీసి, వాళ్లు ఆమోదించిన ల్యాబ్‌కే పంపి, టీకా పట్టిందని నిరూపించాలి. రక్తంలో రేబిస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు కనీసం 0.5 యూనిట్లు ఉంటే పాసు. పాసైనా వెంటనే వెళ్లడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఇవన్నీ మేం ఏప్రిల్‌లోనే చదివి, కాగితం మీద రాసుకుని, మే నెలలో పని మొదలుపెట్టాం.

మొదలుపెట్టిన చోటే దెబ్బతిన్నాం. మెడ వెనక చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ పెడతారు. అందులో పదిహేను అంకెల నంబరు. అది పెట్టాకే రేబిస్ టీకా వేయాలి, లేదా అదే రోజు వేయాలి. ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు, ఎందుకంటే చిప్ లేని కుక్కకి వేసిన టీకా ఏ కుక్కకి వేశారో ఎవరికి తెలుసు? క్లినిక్‌లో చిప్ స్టాకు లేదు, నాలుగు రోజుల్లో వస్తుంది, ఈలోపు టీకా కానిచ్చేద్దాం అన్నారు. నేనూ సరేనన్నాను. రెండు ఇంజెక్షన్లు ఒకేసారి ఎందుకులే పాపం అనిపించింది కూడా. కాగితం మీద రాసుకున్నదాన్ని ఆ రోజు ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. తప్పు వాళ్లదెంతో నాదీ అంతే.

సంగతి జూన్‌లో, కుక్కల ప్రయాణం పనులు చూసే ఏజెంటు తేదీలు చూసి పెదవి విరిచాక గానీ తెలియలేదు. జూన్ 20న మళ్లీ టీకా. ఈసారి ముందు స్కానర్ పెట్టి, కీచుమని నంబరు కనిపించాక, ఆ నంబరు పుస్తకంలో రాయించి, అప్పుడు. జులై 22న రక్తం తీశారు. మా ఆయన జులై మొదట్లోనే బెర్లిన్‌లో ఉద్యోగంలో చేరారు. నేనూ బెల్లమూ అక్టోబర్ 22 దాటాకే. యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకి మించి తేడా ఉండకూడదు కాబట్టి నేను ముందే వెళ్లి కూర్చోవడానికీ లేదు.

నిజం చెప్పాలంటే నాకు కడుపు మండింది దీపావళికి. ఈ ఏడు దీపావళి అక్టోబర్ 20. మొదటి లెక్క ప్రకారమైతే సెప్టెంబరు ఆఖరుకే వెళ్లిపోయేవాళ్లం. బాంబుల చప్పుడుకి బెల్లం బాత్రూంలో బకెట్ వెనక దూరి రెండు రోజులు వణుకుతుంది. ఈ ఒక్క ఏడాదైనా తప్పిద్దామనుకున్నాను. మా ఆయనతో అంటే, "డిసెంబర్ 31 రాత్రి ఇక్కడ ఎలా ఉంటుందో తెలుసా? మన దీపావళే నయమట" అన్నారు.

రిజల్ట్ 4.2. పప్పన్నం చేతిని కంచంలోనే ఉంచి ఎడం చేత్తో మూడుసార్లు చదివాను. నంబరు సరిపోయింది. తేదీ సరిపోయింది. పేరు దగ్గర మాత్రం 'బెల్లామ్' అని పడింది. చిప్ నంబరే ముఖ్యం కాబట్టి ఫరవాలేదని ఏజెంటు అన్నాడు. ఆయన ఫరవాలేదన్నప్పుడల్లా నాకు టెన్షన్.

అమ్మ చదవమంటే పైనుంచి చదివాను. రంగు, బ్రౌన్. లింగం, ఆడ. జాతి దగ్గర 'నాన్‌డిస్క్రిప్ట్' అని ఉంది. ఊరకుక్కలకి మన డాక్టర్లు రాసే మాట అదే.

"అంటే?"

"ఫలానా అని చెప్పడానికి లేనిది అని."

"వర్ణించలేనంత అన్నమాట" అంది అమ్మ, బెల్లం చెవి వెనక గోకుతూ. "మరి ఉన్నమాటే కదా."

నాలుగేళ్ల కిందట వానాకాలంలో వాచ్‌మన్ స్టూలు కింద దొరికింది ఇది, అరచేతిలో పట్టేంత. తడిసిన ఒళ్లు అచ్చు అచ్చుబెల్లం ముక్కలా ఉంది. "లోపలికి తెచ్చారో నేను మా చెల్లి ఇంటికి పోతా" అన్నది అమ్మే.

సాయంత్రం నాన్న టీవీ పెట్టారు. వారం నుంచీ ఢిల్లీ వీధికుక్కల గొడవే. ఈ నెల 11న సుప్రీంకోర్టు వాటన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ముగ్గురు జడ్జీల బెంచి మళ్లీ విని, తీర్పు వాయిదా వేసింది. అరిచేవాళ్లు రెండువైపులా అరుస్తున్నారు. బెల్లం నాన్న కాళ్ల మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. బెర్లిన్‌లో కుక్కకి ఏడాదికి 120 యూరోల పన్ను కట్టాలని, ఎవరినైనా కరిస్తే ఇన్సూరెన్సు ఉండాలని, రైలెక్కితే మూతికి తొడుగు, దానికి వేరే టికెట్టు అని నేను చెబితే నాన్న చాలాసేపు దాన్ని చూశారు. "ఇక్కడ రేషన్ కార్డు కూడా లేదే నీకు. అక్కడ టాక్స్ పేయరువి" అన్నారు.

ఆరున్నరకి మా ఆయన ఫోన్. అక్కడ మధ్యాహ్నం మూడు. కుక్క ఉందనగానే ఇంటి ఓనర్లు మెయిళ్లకి జవాబివ్వడం మానేస్తున్నారని ఇన్నాళ్లూ ఒకటే గోల. ఇవాళ ఒక పెద్దావిడ ఒప్పుకుందట, ఫొటో పంపమందట. ఏ ఫొటో పంపాలని అరగంట చర్చ. అమ్మ తన ఫోన్‌లోది పంపించింది. సంక్రాంతికి ముగ్గు పక్కన, మెడలో బంతిపూల దండతో, నాలుక బయటపెట్టి.

మిగిలింది పెద్ద బోను, టికెట్టు, చివరి పదిరోజుల్లో క్వారంటైన్ ఆఫీసులో తీసుకోవాల్సిన హెల్త్ సర్టిఫికెట్. ఇక్కణ్నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, మధ్యలో దించి మార్చే బాధ లేదు. నీళ్ల గిన్నెలో ముందురోజు గడ్డకట్టించిన ఐసు పెట్టమన్నారు. ఎక్కించేటప్పుడు ఒలకదు, దారిలో కరుగుతూ ఉంటుంది. కింద పరవడానికి అమ్మ పాత వాయిల్ చీర ఒకటి తీసి పెట్టింది. ఉతకనంది. వాసన పోతుందట.

పడుకోబోయే ముందు చూస్తే అమ్మ వంటింట్లో గోడ క్యాలెండర్ దగ్గర నిలబడి ఉంది, కళ్లజోడు నుదుటి మీద. అక్టోబర్ పేజీ ఎత్తి పట్టుకుంది.

"22 పాడ్యమి. ప్రయాణానికి పనికిరాదు."

"దాటాక అన్నారు అమ్మా. 23న వెళ్లొచ్చు."

"రెండు రోజుల్లో నాగుల చవితి పెట్టుకుని ఎవరైనా వెళ్తారా? పుట్టలో పాలు పోసి వెళ్దువుగాని." పేజీ తిప్పింది. నవంబర్. వేలు గళ్ల మీద నెమ్మదిగా జరుగుతోంది. "పౌర్ణమి ఎప్పుడు పడిందో..."