మెడికల్ షాపు దగ్గర

నా ముందున్నావిడ పీరియడ్స్ వాయిదా పడే మాత్రలు అడుగుతోంది. ఎల్లుండి వాళ్లింట్లో వ్రతమట. షాపతను నార్ఎథిస్టెరాన్ స్ట్రిప్ తీసిచ్చాడు.

2023 చివర్లో, యుద్ధం మధ్య గాజాలో కొందరు ఆడవాళ్లు వేసుకున్నదీ ఈ మందే. ప్యాడ్లు దొరకవు, నీళ్లు లేవు. జనం తలదాచుకున్న ఐరాస బడుల్లో సగటున 160 మందికి ఒక టాయిలెట్. తర్వాత్తర్వాత డేరా గుడ్డ చింపి వాడుకున్నవాళ్లూ ఉన్నారు.

పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. కొత్తగా పెద్దమనిషైన పిల్ల సంగతో? ఒకే డేరాలో నాన్న, తమ్ముళ్లు, బాబాయిలు. ఉతికిన గుడ్డ ఎక్కడ ఆరేస్తుంది? రాత్రిపూట అంత దూరం టాయిలెట్‌కి ఎవర్ని తోడు రమ్మంటుంది?

నా ఫంక్షన్‌కి ఊరంతా పిలిచారని అమ్మ మీద అలిగాను. ఆ పిల్లలకు అలగడానికి చాటైన మూల కూడా లేదు.