రాగిపిండి, ఎలుకలు, పెద్దపేగు క్యాన్సర్: మేత దగ్గరే సగం పని

చిత్తూరు జిల్లాలో రాగి సంగటి ఇంటింటి తిండి. అది పెద్దపేగు క్యాన్సర్‌ను అడ్డుకుంటుందా అని ఎలుకల్లో చూడాలంటే ముందు మేత సరిగ్గా కలపాలి. వంద గ్రాముల మేతలో 20 గ్రాముల రాగిపిండి వేస్తే సుమారు 2.2 గ్రాముల పీచు, 1.4 గ్రాముల ప్రోటీన్ అదనంగా వస్తాయి. ఏఐఎన్-93జీ అనే ప్రామాణిక ఎలుకల మేతలో ఆ మేరకు సెల్యులోజ్ (పీచు), కేసీన్ (పాల ప్రోటీన్) తగ్గించి, మిగతా బరువు పిండిపదార్థంలోంచి తీసేయాలి. లేకపోతే ఫలితం రాగులదో పీచుదో తేలదు. వేరుశనగ పరీక్షిస్తుంటే ముందు అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఉందేమో చూసుకోవాలి. అదే కాలేయ క్యాన్సర్ తెస్తుంది.

ఫిషర్ 344 జాతి ఎలుకలకు, పెద్దపేగు క్యాన్సర్ తెప్పించే అజాక్సీమీథేన్ అనే రసాయనాన్ని కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, వారం తేడాతో రెండుసార్లు చర్మం కింద ఇస్తారు. కాలేయంలో సీవైపీ2ఈ1 ఎంజైమ్ దాన్ని మార్చాకే అది హాని చేస్తుంది. వెల్లుల్లిలోని డయల్లైల్ సల్ఫైడ్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. కాబట్టి ఇంజక్షన్‌కు ముందునుంచే వెల్లుల్లి పెట్టి గడ్డలు తగ్గాయంటే, వెల్లుల్లి పేగును కాపాడిందని అనలేం. ఆ రసాయనాన్నే పనిచేయనివ్వలేదేమో. చివరి ఇంజక్షన్ అయిన వారానికి మేత మొదలుపెట్టే గుంపు ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

ఎనిమిది వారాలయ్యాక పేగును నిలువుగా చీల్చి, పరిచి, ఫార్మలిన్‌లో ఉంచి, 0.2 శాతం మిథిలీన్ బ్లూ రంగు పట్టిస్తారు. మైక్రోస్కోప్ కింద అసహజ క్రిప్టులు (పేగు లోపలి పొరలోని సన్నని గుంటలు; ఇలా మారడం గడ్డలకు తొలి గుర్తు) పక్కవాటికన్నా పెద్దగా, ముదురు నీలంగా, మందమైన అంచుతో కనిపిస్తాయి. లెక్కపెట్టేవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు.

తిరుపతి ఎండలకు మేతలో నూనె త్వరగా మక్కిపోతుంది. ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజులకోసారి మార్చాలి. వాసన నచ్చక ఎలుకలు తక్కువ తింటే, ఆ తక్కువ తిండి వల్లే గడ్డలు తగ్గొచ్చు. అందుకే వారంవారం బరువు, తిన్న మేత రాసిపెట్టాలి.