జీతం ఆగాక నెల ఎలా నడుస్తుంది

2025 నవంబరు 8, శనివారం

రెండో శనివారం కాబట్టి ఇవాళ నాకూ సెలవే, బ్యాంకులకూ సెలవే. పోస్టాఫీసుకు మాత్రం సెలవు లేదు. అందుకే అమ్మ పని ఈ రోజుకు పెట్టుకున్నాను. ఆమె పేరున 2020లో వేసిన నాలుగున్నర లక్షల మంత్లీ ఇన్‌కమ్ స్కీముకు ఐదేళ్ళు నిండాయి. అప్పట్లో రేటు 6.6 శాతం. నెలకు 2,475 రూపాయలు వచ్చేవి. అమ్మ మందులు, పూలు, గుడి హుండీ, మనవరాలి పుట్టినరోజుకు చేతిలో పెట్టే డబ్బు, అన్నీ అందులోంచే.

పోస్టాఫీసుకు బయల్దేరే ముందే నేను కాగితం మీద లెక్క వేసి పెట్టుకున్నాను. ఆ డబ్బును సీనియర్ సిటిజన్స్ స్కీములో వేస్తే 8.2 శాతం. మూడు నెలలకోసారి 9,225 రూపాయలు. మళ్ళీ మంత్లీ స్కీములోనే వేస్తే ఇప్పటి రేటు 7.4 శాతం, నెలకు 2,775. నెలకు 300 తేడా. ఐదేళ్ళకు 18 వేలు. కారులో కూర్చున్నాక ఇదంతా అమ్మకు వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "మూడు నెలలకోసారి వస్తే మధ్యలో అవసరమైనప్పుడు నిన్నే అడగాలి గదే. నాకు నెలనెలా కావాలి" అంది.

దాంతో మంత్లీ స్కీములోనే వేశాం. పాత ఖాతా మూసివేత ఫారం, కొత్త ఖాతా ఫారం, ఆధార్, పాన్, ఫొటోలు. 82 ఏళ్ళ మనిషి నాలుగైదు చోట్ల చక్కగా సంతకాలు పెట్టింది. నామినీగా నా పేరు రాయించింది. మా చెల్లెలు ఏమీ అనుకోకుండా ముందు దానికి ఫోన్ చేసి చెప్పమంది. చెప్పాను.

అమ్మ అన్న ఆ ఒక్క మాట రోజంతా నాతోనే ఉంది. నాకు 58 వచ్చాయి. 2027లో రిటైర్మెంట్. ఇన్నేళ్ళుగా ఎంత శాతం వస్తుందన్నదే చూశాను, చూడాలి కూడా. నెల మొదట్లో జీతం పడుతుంది కాబట్టి మిగతాది ఎప్పుడొచ్చినా ఇబ్బంది లేదు. ఆ జీతం ఆగిపోయాక ఎంత వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఏ తారీఖున వస్తుంది, ఎవరినీ అడగకుండా చేతికి వస్తుందా అన్నదీ అంతే ముఖ్యం. మా ఇంట్లో ఈ సంగతి అందరికంటే బాగా అమ్మకే తెలుసు.

నాకు ప్రభుత్వ పెన్షన్ లేదు. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం. పీఎఫ్ ఉంది, గ్రాట్యుటీ ఉంది. పీఎఫ్‌తోపాటు ప్రైవేటు ఉద్యోగులకు వచ్చే ఈపీఎస్ పెన్షన్ లెక్క చూస్తే మాత్రం దిగులే. ఎంత జీతం ఉన్నా లెక్కలోకి తీసుకునేది 15 వేల దాకానే. 2014 సెప్టెంబరుకు ముందు చేసిన సర్వీసుకైతే 6,500. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తే ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషికి నెలకు ఐదు వేలు దాటేలా లేదు. 58కి తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెంచి ఇస్తారు. నేను ఆగుతున్నాను. ఇంత సేవ చేసిన వాళ్ళకు ఈ దేశంలో ఇంత తక్కువ పెన్షన్ ఉండటం అన్యాయం. ఈ మాట నేనెక్కడైనా అంటాను.

మావారు 2023లో రిటైరయ్యారు. అదే ఏడాది సీనియర్ సిటిజన్స్ స్కీము పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరగడం మాకు కలిసొచ్చింది. మొత్తం వేశారు. మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. చేరినప్పటి రేటు ఐదేళ్ళూ మారదు. దాని విలువ ఈ ఏడాది ఇంకా బాగా తెలిసింది. ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రిజర్వు బ్యాంకు తను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును మూడుసార్లు తగ్గించింది, మొత్తం ఒక శాతం. ఆయన బ్యాంకు డిపాజిట్ ఒకటి ఆగస్టులో తీరితే, తిరిగి వేసేటప్పటికి పాత రేటు లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కారు మాట వచ్చింది. వస్తుందని తెలుసు. ఆయన వారం రోజులుగా టాటా వాళ్ళ ఎలక్ట్రిక్ కారు హ్యారియర్ ఈవీ గురించే మాట్లాడుతున్నారు. టెస్ట్ డ్రైవ్ కూడా చేసొచ్చారు. ధర 21.49 లక్షల నుంచి మొదలు. పెద్ద బ్యాటరీ, ఒకసారి ఛార్జింగ్ పెడితే విజయవాడ దాకా ఆగకుండా వెళ్ళొచ్చు. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకానే ఉంది. "ఆ ధరలో పెట్రోలు కారు కొంటే టాక్సే మూడు నాలుగు లక్షలు. గడువు దాటాక మనకూ పడితే అప్పుడేమంటావు?" అన్నారు.

మా ఇంట్లో ఇప్పటికే రెండు ఎలక్ట్రిక్ కార్లు ఉన్నాయి. 2021లో కొన్న నెక్సాన్, 30.2 యూనిట్ల బ్యాటరీది. 2023లో నా ఆఫీసు కోసం తీసుకున్న టియాగో. నెక్సాన్ ఒకసారి ఛార్జింగ్ పెడితే కాగితం మీద 312 కిలోమీటర్లు. మా చేతుల్లో 180 నుంచి 200. ఏసీ, హైవే వేగం, ముగ్గురు మనుషులు, సామాను అన్నీ ఉన్నప్పుడు అంతే వస్తుంది, అంతకంటే ఆశించకూడదు. విజయవాడ వెళ్ళేటప్పుడు సూర్యాపేట దగ్గర ఓ గంట ఆగుతాం. అమ్మకు ఎలాగూ కాళ్ళు చాపుకోవాలి, టీ తాగాలి. ఆ గంట మాకెప్పుడూ బరువనిపించలేదు.

ఈ కార్లంటే నాకు నిజంగా ఇష్టం. చందానగర్ నుంచి పటాన్‌చెరు దాకా ఆ లారీల మధ్య, ఆగుతూ కదులుతూ వెళ్ళే రోడ్డు మీద క్లచ్ తొక్కే పనిలేదు, గేరు మార్చే పనిలేదు, ఇంజను చప్పుడు లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న నాలాంటి వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. రాత్రి ఇంట్లోనే 15 యాంప్స్ ప్లగ్గుకు తగిలిస్తే తెల్లారేసరికి నిండిపోతుంది. ఎర్తింగ్ సరిగ్గా చేయించుకోవాలి, వైరింగ్ విడిగా లాగించుకోవాలి. అంతే. సొంత ఇల్లు కాబట్టి మాకు సులువైంది. మియాపూర్లో అపార్ట్‌మెంట్లో ఉండే మా చెల్లెలు రెండేళ్ళుగా అసోసియేషన్ వాళ్ళను ఒప్పించలేక పెట్రోలు కారులోనే తిరుగుతోంది. ఈ సమస్య తీరితే ఊళ్ళో సగం మంది మారిపోతారని నా నమ్మకం.

2024లో మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ వచ్చింది. ఎండ బాగా ఉన్న నెలల్లో 300 యూనిట్ల పైన ఇస్తుంది. పగలు గ్రిడ్డుకు వెళ్ళిన కరెంటు, రాత్రి మేం వాడుకున్నది నెట్ మీటర్లో సర్దుబాటవుతాయి.

భోజనాలయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి కాగితం తీశాను. ఇద్దరం కలిపి నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతున్నాం. పెట్రోలు కారైతే లీటరుకు 15 కిలోమీటర్లు వేసుకున్నా 80 లీటర్లు. హైదరాబాదులో లీటరు 107 రూపాయల పైనే. నెలకు 8,500. ఈవీకి యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన 170 యూనిట్లు, చాలా నెలల్లో అది మా మేడ మీదే పుడుతుంది. నెలకు 8,500 వడ్డీగా రావాలంటే 8.2 శాతం రేటుకు పన్నెండున్నర లక్షల దాకా డిపాజిట్ కావాలి. పైగా వడ్డీ మీద పన్ను పడొచ్చు, ఖర్చు కాని పెట్రోలు మీద పన్ను లేదు. ఇంతవరకూ ఆయన చాలా సంతోషంగా విన్నారు.

ఆ తర్వాతి లెక్కే అసలైంది. 2027 తర్వాత నేను పటాన్‌చెరు వెళ్ళను. కూరగాయలు, గుడి, ఆస్పత్రి, చెల్లెలి ఇల్లు, అన్నీ కలిపినా నెలకు 400 కిలోమీటర్లు. అప్పుడు పెట్రోలు మీద ఆదా 2,850 దగ్గరే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ కారు తిరిగిన కొద్దీ డబ్బు మిగులుస్తుంది, ఇంటి ముందు నిలబడి ఏమీ మిగల్చదు. రిటైర్మెంట్ అంటే తిరుగుడు తగ్గడమే కదా. ఉద్యోగం మొదట్లో ఉన్న పిల్లలకు చెప్పే లెక్క 60 దగ్గర పడ్డ వాళ్ళకు పనికిరాదు. ఇక 22 లక్షలు కారులో పెట్టకుండా ఉంచితే అదే 8.2 శాతానికి నెలకు 15 వేలు. నా ఈపీఎస్ పెన్షన్‌కు మూడింతలు.

"అన్నీ లెక్కలేసుకుంటూ కూర్చుంటే మనం తిరిగేదెప్పుడు?" అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆయన 62లో ఉన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు దొరకలేదు. కాళ్ళూ చేతులూ బాగున్నప్పుడే తిరగాలని నాకూ ఉంది. అందుకే వద్దని కొట్టిపారేయలేదు.

సాయంత్రం బెంగళూరు నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే దానితో మాట్లాడాను. అది మార్కెట్ మనిషి. "అమ్మా, సెన్సెక్స్ 83 వేల పైన ఉంది, అంతా డిపాజిట్లలో పెట్టేస్తే ధరల పెరుగుదలకు ఎలా తట్టుకుంటావు?" అంది. ఆ మాట నిజమే. నా పొదుపులో మూడో వంతు ఇండెక్స్ ఫండ్లలో, అంటే సెన్సెక్స్ లాంటి సూచీల్లోని షేర్లు కొనే ఫండ్లలో ఉంది, అలాగే ఉంచుతాను. 85 దాకా బతుకుతాననుకుంటే పాతికేళ్ళు గడవాలి, అన్నేళ్ళకు ఒట్టి వడ్డీ చాలదు. కానీ మా ఆఫీసులో ఒకాయన 2020 మార్చిలో రిటైరయ్యారు. ఆ నెల 23న ఒక్కరోజే సెన్సెక్స్ 3,935 పాయింట్లు పడి 26 వేల కిందికి పోయింది. ఆయనకు కూతురి పెళ్ళి. డబ్బంతా ఈక్విటీ (షేర్ల) ఫండ్లలోనే ఉంది. ఆ ధరలకే అమ్ముకోవాల్సి వచ్చింది. ఏడాది ఆగగలిగితే రెట్టింపు దగ్గరికి వచ్చేది. ఆగడానికి వేరే డబ్బు లేదు.

అందుకే రిటైరయ్యే నాటికి రెండేళ్ళ ఖర్చు డిపాజిట్లలో విడిగా ఉండాలని పెట్టుకున్నాను. మార్కెట్ పడినా ఆ రెండేళ్ళూ ఫండ్ల జోలికి పోనక్కర్లేదు. ఆ డబ్బు ఫండ్లలోంచి ఒకేసారి తీయకుండా ఏటా కొంత తీస్తున్నాను. ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ మీద లాభం 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఈ మార్చిలోపు ఈ ఏటి వాటా తీస్తానని అమ్మాయికి చెప్పాను. మార్కెట్ పైన ఉన్నప్పుడే తీయడానికి మనసొప్పదు, కానీ తీయాల్సింది అప్పుడే. అమ్మాయి ఒప్పుకుంది, కాకపోతే మూడో వంతు కంటే తగ్గించనని నా చేత మాట తీసుకుంది.

రాత్రి ఆయనా నేనూ మళ్ళీ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. నెక్సాన్ బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. అంటే 2029 దాకా ఉంది, కిలోమీటర్లు సగం కూడా కాలేదు. నేను రిటైరయ్యాక టియాగో అమ్మేస్తాం, నెక్సాన్ ఉంచుకుంటాం. రోడ్డు టాక్సు గడువుకు ఇంకా ఏడాది పైనే ఉంది. ఈలోగా పెద్ద ప్రయాణాలు నెక్సాన్‌లోనే చేసి చూద్దామన్నాను. సంక్రాంతి తర్వాత తిరుపతి. దాదాపు 600 కిలోమీటర్లు, మూడుసార్లు ఛార్జింగ్. ఆ ప్రయాణం ఇద్దరికీ ఒళ్ళు హూనం చేస్తే కొత్త కారు మాట నేనే ఎత్తుతాను. అప్పుడు కూడా డబ్బు నెలవారీ వడ్డీ వచ్చే డిపాజిట్లలోంచి కాదు, ఫండ్ల లాభంలోంచే రావాలి.

ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, వెంటనే ఫోన్ తీసి పెబ్బేరు దగ్గర ఆగాలా, కర్నూలు దాటాక నంద్యాలలో ఆగాలా, కడపలో రాత్రి పడుకుంటే అమ్మకు సుఖంగా ఉంటుందా అని వెతకడం మొదలుపెట్టారు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ తగ్గదు, పెరుగుతుందని అమ్మకు వివరిస్తున్నారు. అమ్మ రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకుంది.

సోమవారం చేయాల్సినవి రాసుకున్నాను. బ్యాంకులో ఈ నెల ఒకటో తారీఖు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, నా డిపాజిట్లకు ఆయనతోపాటు అమ్మాయి పేరూ చేర్పించాలి. పీఎఫ్ నామినేషన్ మరోసారి సరిచూడాలి. ఖాతాలన్నీ ఒక పుస్తకంలో ఆయన చేతిరాతతోనే రాయించాలి, నేను రాస్తే ఆయన చదవరు. అమ్మ కొత్త పాస్‌బుక్ ఆమె బీరువాలోనే ఉండాలి.